కారు ముందు భాగం ఎత్తు: స్ప్రింగు మార్చాలా, స్పేసర్ వేయాలా, కాయిలోవర్ దాకా వెళ్ళాలా

మా ఇంటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌కి ఎనిమిదేళ్ళు నిండేసరికి ముందు బంపర్ కింది అంచు మా వీధి మలుపులో ఉన్న స్పీడ్ బ్రేకర్‌కి గీసుకోవడం మొదలైంది. కారు అదే, బ్రేకర్ అదే, మొదటి ఐదేళ్ళలో ఒక్కసారి కూడా తగల్లేదు. మెకానిక్ చూసి షాకబ్జార్బర్లు పోయాయన్నాడు. రెండూ కొత్తవి వేయించి, బిల్లు కట్టి ఇంటికొస్తుంటే అదే బ్రేకర్‌కి అదే చోట మళ్ళీ గీసుకుంది. ఆ తర్వాత ఎవరో చెప్పారని స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించాను, నాలుగు నెలలకు తీయించాను, చివరికి స్ప్రింగులు, పై మౌంటింగులు మార్చాక గానీ కారు తన ఎత్తుకి రాలేదు. మూడుసార్లు లేబర్ కట్టాను. ఆ ఖర్చు ఇంకొకరికి తప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. షాకబ్జార్బర్ కారుని మోయదు. పాత నూనె షాక్‌ని చేత్తో లోపలికి నొక్కి చూడండి, మెల్లగా దిగి అక్కడే ఆగిపోతుంది, తిరిగి రాదు. అది ఊగడాన్ని ఆపేది మాత్రమే. బరువంతా స్ప్రింగుదే. కాబట్టి షాక్ లీకైతే కారు పడవలా ఊగుతుంది, గుంతలో బంపర్ ముందుకు వాలి తగలొచ్చు, కానీ నిలబడి ఉన్న కారు ఎత్తు దానివల్ల తగ్గదు. నిలబడి ఉన్నప్పుడే కారు ముందు కుంగి కనిపిస్తే వెతకాల్సింది వేరే చోట.

మన దగ్గర తిరిగే చిన్న కార్లకీ సెడాన్లకీ ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అంటే షాక్, దాని చుట్టూ స్ప్రింగు, పైన రబ్బరు మౌంటింగ్, మూడూ ఒకే కట్టగా. ఈ కట్టలో ఎత్తుని నిర్ణయించేవి మూడు కొలతలే. కింద చక్రం దగ్గర బోల్టు రంధ్రం నుంచి స్ప్రింగు కూర్చునే ప్లేటు దాకా ఎంత, బరువు పడ్డాక స్ప్రింగు పొడవు ఎంత, పైన మౌంటింగ్ మందం ఎంత. ఈ మూడూ కలిపితే వచ్చేదే ఎత్తు. బయట కొనే ఏ పార్టు గురించి ఎవరేం చెప్పినా ఈ మూడింటిలో దేన్ని మారుస్తుందో అడగండి. దేన్నీ మార్చకపోతే ఎత్తు మారదు. లింక్ రాడ్డు మార్చితే మారదు, చక్రం వాలు సరిచేసే క్యాంబర్ బోల్టు వేస్తే మారదు, చక్రాన్ని కింద బాడీకి కలిపే లోయర్ ఆర్మ్‌ని పొడవాటి బాల్ జాయింట్ (ఆర్మ్ చివర ఉండే గుండు కీలు) ఉన్నదిగా మార్చినా మెక్‌ఫర్సన్ కారులో ఎత్తు మారదు, ఆర్మ్ వాలు మాత్రమే మారుతుంది.

ఏదైనా కొనేముందు కొలవండి

టేపు పట్టుకుని చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు దాకా నిలువుగా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి అన్నీ కలిసిపోయి లెక్క చెడిపోతుంది. నేల సమంగా ఉండాలి, లోపల ఎవరూ కూర్చోకూడదు, పెట్రోల్ ఎంత ఉందో రాసుకోవాలి. ముఖ్యంగా జాకీ దించిన వెంటనే కొలవకూడదు, ఎందుకంటే అప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకుని ఉండి కారు ఒక అంగుళం ఎత్తుగా కనిపిస్తుంది. పది మీటర్లు ముందుకీ వెనక్కీ తిప్పి, బానెట్ మీద రెండుసార్లు ఒత్తి వదిలాకే కొలవాలి. కొత్త పార్టు వేయించుకున్నవాళ్ళు గ్యారేజీలోనే ఫొటో తీసుకుని బాగా లేచిందని సంతోషపడి, ఇంటికొచ్చేసరికి దిగిపోయిందని బాధపడడం నేను చాలాసార్లు చూశాను. అసలు లేచింది ఏమీ లేదు, చక్రాలు ముడుచుకున్నాయంతే.

నా కారులో అలా కొలిస్తే ఎడమ 338 మి.మీ., కుడి 331 వచ్చింది. కొత్త షాకులు వేశాక 341, 334. అంటే మూడు మి.మీ. పెరిగింది, అది కూడా గ్యాస్ షాకులు కాబట్టి. స్ప్రింగులు, మౌంటింగులు మార్చి వెయ్యి కిలోమీటర్లు తిరిగాక 352, 350. ఈ అంకెలు చూస్తేనే డబ్బు ఎక్కడ పెట్టాల్సిందో తెలిసిపోతుంది. కుడి వైపు ఎక్కువ కుంగడానికి కారణం కూడా మామూలుదే, మన దేశంలో డ్రైవర్ కూర్చునేది అటే, రోజూ ఒక్కడే తిరిగే కారైతే ఆ స్ప్రింగు ఎక్కువ మోస్తుంది.

గ్యాస్ షాకు ఎత్తు పెంచుతుందని అమ్మేవాళ్ళు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు, కానీ ఎంతో చూడండి. రాడ్డు మందం 20 మి.మీ., లోపల గ్యాస్ 4 బార్ అనుకుంటే అది పైకి నెట్టే బలం 13 కిలోలు. ఒక్క మి.మీ. నొక్కుకోవడానికి రెండుంపావు కిలోలు అడిగే స్ప్రింగు మీద అది దాదాపు ఆరు మి.మీ. అవుతుంది, మౌంటింగ్ రబ్బరు అణిగి ఉంటే ఆ కాస్త కూడా కనిపించదు. ఎక్కువ ఒత్తిడితో ఉండే మోనోట్యూబ్ (ఒకే గొట్టం) షాకుల్లో ఇంకొంచెం ఎక్కువ రావచ్చు. ఎత్తు కోసమే గ్యాస్ షాక్ కొనొద్దు. పట్టు కోసం, ఊగడం తగ్గడం కోసం కొనండి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. బయటి కంపెనీల షాకుల్లో, ముఖ్యంగా పేరూ ఊరూ లేని డబ్బాల్లో వచ్చేవాటిలో, స్ప్రింగు కూర్చునే ప్లేటు కొంచెం పైనో కిందో వెల్డ్ చేసి ఉంటుంది. పది మి.మీ. తేడా ఉంటే కారు నేరుగా దాదాపు పది మి.మీ. లేస్తుంది లేదా దిగుతుంది. అందుకే బిగించక ముందే పాత స్ట్రట్, కొత్త స్ట్రట్ పక్కపక్కన నేల మీద పెట్టి బోల్టు రంధ్రం నుంచి ప్లేటు దాకా కొలవమని అడగండి. రెండు నిమిషాల పని, విడదీసి మళ్ళీ బిగించే లేబర్ అంతా మిగులుతుంది.

ఏది ఎవరికి

కారు పాతబడి కుంగిన కేసైతే, నా అభిప్రాయంలో రెండో ఆలోచన అక్కర్లేదు, కంపెనీ స్ప్రింగులు జతగా మార్చండి. కంపెనీ స్ప్రింగు అంటే షోరూములోదే కానక్కర్లేదు, మీ ఇంజిన్‌కి, మీ వేరియంట్‌కి సరిపోయే నంబరుతో వచ్చే మంచి రీప్లేస్‌మెంట్ అయినా చాలు. స్ట్రట్ ఎలాగూ విప్పుతారు కాబట్టి పై మౌంటింగ్, బేరింగ్, బంప్ స్టాపర్ (షాక్ పూర్తిగా అణిగిపోకుండా ఆపే రబ్బరు), దుమ్ము పడకుండా ఉండే బూటు అన్నీ ఆ ఒక్క లేబర్‌లోనే మార్పించేయండి. మౌంటింగ్ రబ్బరు అణిగిపోతే అదొక్కటే ఐదారు మి.మీ. మింగేస్తుంది, పైగా స్టీరింగ్ తిప్పితే టక్కుమనే శబ్దం. నాకు మొదటిసారే ఈ పని జరిగి ఉంటే కథ అక్కడితో అయిపోయేది, కానీ పాత స్ప్రింగు, పాత మౌంటింగే కొత్త షాక్‌కి తొడిగి పంపారు.

కారు కొత్తదే, కుంగలేదు, కానీ మా రోడ్లకి ఎత్తు చాలట్లేదు అనేవాళ్ళది వేరే కేసు. వాళ్ళ ముందుకి వచ్చే మొదటి సలహా స్ప్రింగు బఫర్లు. చౌక, అరగంటలో పెట్టేస్తారు, స్ట్రట్ విప్పక్కర్లేదు. చుట్ల మధ్య దూరిన ఆ రబ్బరు ఒక చుట్టుని పని చేయకుండా ఆపేస్తుంది, మిగతా చుట్లే బరువు మోస్తాయి, అందువల్ల స్ప్రింగు గట్టిపడి కారు కొంత లేస్తుంది. నా కారులో 12 మి.మీ. లేచింది, నిజమే. కానీ చిన్న గుంత కూడా స్టీరింగ్‌లో దెబ్బలా తెలిసేది, వాన కురిసిన రోజు బ్రేక్ కొడితే ముందు చక్రం గంతులు వేసేది. తీసినప్పుడు చూస్తే రబ్బరు పట్టిన చోట పెయింట్ అరిగి తుప్పు పట్టడం మొదలైంది. స్ప్రింగు విరిగేది సరిగ్గా అలాంటి తుప్పు మచ్చ దగ్గరే. ఇంట్లోవాళ్ళు కూర్చునే కారులో వీటిని పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

రెండోది స్ట్రట్ పైన, మౌంటింగ్‌కీ బాడీకీ మధ్య పెట్టే స్పేసర్. ఇది పైన చెప్పిన మూడో కొలతని పెంచుతుంది, స్ప్రింగు స్వభావం మారదు, అందుకే ప్రయాణం మునుపటిలాగే మెత్తగా ఉంటుంది. మెక్‌ఫర్సన్‌లో 10 మి.మీ. స్పేసర్ వేస్తే కారు దాదాపు అంతే లేస్తుంది. బఫర్ కన్నా నూరు రెట్లు మేలు. కానీ కట్ట మొత్తం కిందికి జరిగింది కాబట్టి చక్రం గాల్లో వేలాడినప్పుడు మునుపటి కన్నా కిందికి దిగుతుంది, ముందు చక్రాలకి పవర్ వెళ్ళే కారైతే యాక్సిల్ జాయింట్ కోణం పెరుగుతుంది, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ కూడా సాగుతుంది. 10 నుంచి 15 మి.మీ. దగ్గర ఆగేవాళ్ళకి నేను ఊరుకుంటాను. 30 వేయించుకున్నవాళ్ళు యాక్సిల్ బూటు చిరిగి గ్రీజు కారడం, మలుపులో కటకట శబ్దం రావడం చూడాల్సి వస్తుంది. స్పేసర్ అల్యూమినియంది లేదా గట్టి పాలీయూరిథేన్‌ది ఉండాలి, దాని మందానికి తగ్గ పొడవాటి బోల్టులు ఉండాలి, పాత బోల్టుకే నట్టు నాలుగు చుట్లు పట్టిందని వదిలేసే చోట చేయించుకోవద్దు.

మూడో దారి మన గ్యారేజీల్లో ఎప్పటినుంచో ఉన్నదే, పెట్రోల్ బండికి అదే మోడల్ డీజిల్ బండి స్ప్రింగులు. డీజిల్ ఇంజిన్ బరువెక్కువ కాబట్టి కంపెనీ దానికి గట్టి స్ప్రింగు ఇస్తుంది. ముందు యాక్సిల్ మీద 60 కిలోల తేడా అనుకుంటే ఒక్కో వైపు 30 కిలోలు, మి.మీ.కి రెండుంపావు కిలోల లెక్కన పెట్రోల్ బండి 13 మి.మీ. లేస్తుంది. కంపెనీ తయారు చేసిన స్ప్రింగే, ప్లేటులో సరిగ్గా కూర్చుంటుంది, కొంచెం గట్టిగా ఉంటుంది అంతే. ఒకే తరం మోడల్ అయితే, రెండింటి స్ట్రట్ ప్లేటు ఒకటే అయితే, నాకు ఇది స్పేసర్‌తో సమానంగా నచ్చుతుంది. షాకులు అరిగి ఉంటే మాత్రం ముందు వాటిని మార్చాలి, గట్టి స్ప్రింగుని అలిసిపోయిన షాక్ అదుపు చేయలేదు.

గట్టి స్ప్రింగు వేస్తే కారు దిగుతుందని కొందరు, లేస్తుందని కొందరు వాదించుకుంటారు. రెండూ అవుతాయి. స్ప్రింగు మీద 270 కిలోలు ఉన్నాయనుకోండి, మి.మీ.కి 2.25 కిలోల స్ప్రింగు 120 మి.మీ. నొక్కుకుంటుంది. అదే పొడవుతో 20 శాతం గట్టిది, అంటే 2.7 కిలోలది వేస్తే 100 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది, కారు 20 మి.మీ. లేస్తుంది. లోయరింగ్ స్ప్రింగు తయారు చేసేవాళ్ళు గట్టిదనం పెంచుతూనే పొడవు ఇంకా ఎక్కువ తగ్గిస్తారు, అందుకే దిగుతుంది. తీగ మందం ప్రభావం కూడా మనం ఊహించేదాని కన్నా చాలా ఎక్కువ, మిగతావన్నీ సమానంగా ఉంచి 12 మి.మీ. తీగని 13 చేస్తే స్ప్రింగు 38 శాతం గట్టిపడుతుంది. కాబట్టి కంటికి ఒకేలా ఉన్నాయని పక్క మోడల్ స్ప్రింగు తెచ్చి వేసే పని పెట్టుకోవద్దు.

కారు దించుకోవాలనుకునేవాళ్ళకి

ఇష్టం ఉంటే తప్పేమీ లేదు, నిండు హైవేలో దిగిన కారు పట్టు ఎంత బాగుంటుందో నడిపినవాళ్ళకే తెలుసు. కానీ లెక్క చూసుకుని దిగండి. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటి పేరున్న కంపెనీల స్ప్రింగుల మీద 30 మి.మీ. అని రాసి ఉంటే అది కొత్త కారుతో పోల్చి చెప్పిన అంకె. మీ పాత స్ప్రింగులు ఇప్పటికే 15 మి.మీ. కుంగి ఉంటే మీ కంటికి దిగేది మిగతా 15 మాత్రమే. తర్వాత, మామూలు షాక్ ఆ ఎత్తులో ఎప్పుడూ సగం లోపలికి దిగి పని చేస్తుంది, బంప్ స్టాపర్‌కి త్వరగా తగులుతుంది, త్వరగా పోతుంది. అందుకే బిల్‌స్టైన్ వాళ్ళు మామూలు ఎత్తుకి బీ6, దించిన కారుకి పొట్టి బీ8 అని వేరువేరుగా అమ్ముతారు. స్ప్రింగు ఒక్కటే కొని షాక్ తర్వాత చూద్దాం అనుకుంటే ఆ తర్వాత చాలా త్వరగా వస్తుంది. మెక్‌ఫర్సన్‌లో ఎక్కువ దించితే లోయర్ ఆర్మ్ అడ్డంగా ఉండాల్సింది బయటి వైపు పైకి లేస్తుంది, రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాడీ కన్నా ఎక్కువ కిందికి పోతుంది, గట్టి స్ప్రింగు ఉండి కూడా మలుపులో ఒరిగినట్టే అనిపిస్తుంది. పైన చెప్పిన పొడవాటి బాల్ జాయింట్లు పనికొచ్చేది అప్పుడే.

స్ప్రింగు కోయడం గురించి ఒక్క మాట. ఆరు చుట్లలో ఒకటి కోస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది, కోసిన కొన ప్లేటులో కూర్చోదు, చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు పక్కకి జరగొచ్చు. వేడి చేసి కుంగదీయడం ఇంకా ఘోరం, ఉక్కు గుణమే పోతుంది. చేయించొద్దు, ఎవరు చేయిస్తానన్నా ఆపండి.

కాయిలోవర్ అంటే మర పట్టాల మీద స్ప్రింగు ప్లేటుని పైకీ కిందికీ తిప్పుకునే స్ట్రట్. సెట్ లక్ష దాటడం మామూలే. ఇందులో రెండు రకాలు, తేడా తెలియకుండా కొనొద్దు. ఒకటి ప్లేటు మాత్రమే తిరిగేది, ప్లేటు దించితే కారు దిగుతుంది కానీ షాక్ లోపలికి దిగే జాగా కూడా తగ్గిపోతుంది. రెండోదాంట్లో కింది బ్రాకెట్ విడిగా తిరుగుతుంది, షాక్ తన జాగాని పోగొట్టుకోకుండానే కారు ఎత్తు మారుతుంది. డబ్బు పెట్టేవాళ్ళు రెండోదే కొనండి. దీంతోపాటు వచ్చే పిల్లో బాల్ (రబ్బరు బదులు లోహపు గుండు కీలు) పై మౌంటు కంపెనీ రబ్బరు కన్నా పలుచగా ఉంటే అక్కడే కొన్ని మి.మీ. తగ్గిపోతాయి, మొదటి ఎత్తు సెట్ చేసేటప్పుడు అది కలుపుకోవాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళలో మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, ఏటా రెండుసార్లు కడిగి నూనె పట్టించే ఓపిక ఉన్నవాళ్ళకే ఇది. రోజూ ఆఫీసుకీ ఊరికీ తిరిగే ఒకే ఒక్క కారుకి నేనైతే వేయను.

థార్, ఫార్చ్యూనర్, ఇన్నోవా క్రిస్టా లాంటి వాటికి ముందు వైపు డబుల్ విష్‌బోన్, అంటే చక్రానికి పైనొకటి కిందొకటి రెండు ఆర్ములు, అక్కడ స్ట్రట్ కింది చివర ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది. అందుకే 10 మి.మీ. స్పేసర్‌కి చక్రం దగ్గర 15 నుంచి 20 మి.మీ. లేస్తుంది. హ్యాచ్‌బ్యాక్ లెక్కతో ఎస్‌యూవీకి స్పేసర్ కొని అవాక్కయినవాళ్ళున్నారు.

అసలు మీకు తగిలేది ఎక్కడ

ఇది చాలామంది వదిలేసే ప్రశ్న. ముందు 15 మి.మీ. లేపితే యాక్సిల్‌కి ముందున్న బంపర్ అంచు దాదాపు 19 మి.మీ. లేస్తుంది, కానీ కారు నడుమ కింద లాభం ఏడున్నర మి.మీ. మాత్రమే. నడుము తగిలే కారుకి ముందు మాత్రమే లేపడం సగం పని, వెనక కూడా చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధం ఉండాలి. రెండున్నర మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న కారు దాని మీద నిలబడితే నడుమ కింద కావాల్సింది 46 మి.మీ. మాత్రమే, 163 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న స్విఫ్ట్‌కి అది లెక్కే కాదు. మనకి తగిలేవి అరమీటరు వెడల్పుతో గోడ కట్టినట్టు పోసిన సిమెంటు దిబ్బలు. అవి 15 సెం.మీ. ఉంటే నిండా జనం ఎక్కిన ఏ హ్యాచ్‌బ్యాక్‌నీ 15 మి.మీ. స్పేసర్ కాపాడలేదు, అడ్డంగా వాలుగా ఎక్కించి దించడమే మార్గం. మీ ఇంటి దారిలో ఉన్నవి అవే అయితే పంచాయతీకో మునిసిపాలిటీకో కొలతలతో సహా అర్జీ పెట్టండి, నేను పెట్టాను.

కాస్తంత ఎత్తే కావాలనుకునేవాళ్ళకి టైరు కూడా ఒక దారి. 185/65 ఆర్15 బదులు 195/65 ఆర్15 వేస్తే నాలుగు వైపులా ఆరున్నర మి.మీ. లేస్తుంది, యాక్సిల్ కోణం మారదు, నడుముకి కూడా పూర్తి లాభం. టైరు లోపలి అంచు స్ట్రట్‌కి తగలకుండా చూసుకోవాలి, స్పీడోమీటర్ రెండు శాతం తక్కువ చూపిస్తుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకునే దిగండి. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, అదే ఏడాది వచ్చిన చట్ట సవరణలో అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి రూ. 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి. అదే కొలత స్ప్రింగు మార్చుకోవడం రిపేరు, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. కంటికి కనిపించేలా లేపినా దించినా ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

బిగించే రోజు దగ్గరుండి చూడాల్సింది ఒకటుంది. లోయర్ ఆర్మ్ బాడీకి కలిసే చోట ఉండే రబ్బరు బుష్‌ల బోల్టుల్ని కారు జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించేస్తారు. అప్పుడు కారు దించాక ఆ రబ్బరు మెలి తిరిగి ఉండి కారుని కొన్ని మి.మీ. పైకి పట్టి ఉంచుతుంది, మొదటి వారం ఎత్తు బాగుందనిపిస్తుంది, ఏడాది తిరక్కుండా బుష్ చిరుగుతుంది. కారు చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు జరగాలి, అడిగి చేయించుకోండి. వీల్ అలైన్‌మెంట్ ఆ రోజు ఒకసారి, స్ప్రింగులు కుదురుకున్నాక 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య మళ్ళీ ఒకసారి చేయించి, హెడ్‌లైట్ల కోణం కూడా సరిచేయించుకుని, టేపు తీసి రెండు వైపులా కొలిచి ఆ అంకెలు సర్వీసు పుస్తకం వెనక పేజీలో తేదీతో రాసి పెట్టండి.